యుద్ధం చేయనన్న మాటను కాగితం మీద ఎలా పెట్టాలి? అమెరికాలోని తెలుగు కుటుంబాల కోసం

జూన్ వస్తే చాలు, గ్రాడ్యుయేషన్ పార్టీల్లో ఎవరో ఒకరు పక్కకి పిలిచి అడుగుతారు. "మావాడికి పద్దెనిమిది నిండాయి, సెలెక్టివ్ సర్వీస్ అని ఏదో ఉత్తరం వచ్చింది, వీడేమో నేను తుపాకీ పట్టనంటున్నాడు, పేరు ఇవ్వకపోతే ఏమవుతుంది, ఇస్తే ఆర్మీకి ఒప్పుకున్నట్టేనా?" ఇంకొందరు పౌరసత్వం ఫారం నింపుతూ, దేశం కోసం ఆయుధం పడతారా అన్న ప్రశ్న దగ్గర ఆగిపోయినవాళ్ళు. ఈమధ్య మూడో రకం కూడా ఎక్కువయ్యారు. కాలేజీలో వలస పాలనల చరిత్ర చదివి "ఈ దేశం చేసేవన్నీ ఆక్రమణ యుద్ధాలే, అందుకే నేను రాను" అంటున్న పిల్లలు. అందరికీ కలిపి ఒకేచోట రాస్తున్నాను. నేను లాయర్ని కాదు, మీ కేసులో చిక్కులుంటే లాయర్ని కలవండి.

ముందు టెన్షన్ తగ్గించుకోండి. అమెరికాలో నిర్బంధ సైనిక సేవ, అంటే డ్రాఫ్ట్, 1973లోనే ఆగిపోయింది. ఇప్పుడు ఉన్నది సెలెక్టివ్ సర్వీస్ అనే ప్రభుత్వ సంస్థ దగ్గర పేరు నమోదు ఒక్కటే (రేపు డ్రాఫ్ట్ వస్తే పిలవడానికి ఉంచుకునే జాబితా), అది 1980లో మళ్ళీ మొదలైంది. మరి యుద్ధం చేయననడానికి ఆధారాల ఫైలు ఇప్పుడే ఎందుకంటే, రేపు డ్రాఫ్ట్ తిరిగొచ్చి పిలుపు అందితే, యుద్ధ నిరాకరణ కింద దరఖాస్తు పెట్టుకోవడానికి చేతిలో ఉండేది పది రోజులే. ఆ పది రోజుల్లో రాసిన ఉత్తరాన్ని, దరఖాస్తుని విచారించే బోర్డు ఎలా చూస్తుందో మీరే ఊహించుకోండి.

ఈ విషయం ఎత్తితే క్వేకర్లు అనే క్రైస్తవ సంఘం పేరు వస్తుంది. ఎందుకంటే, 1660లోనే ఇంగ్లండ్ రాజు రెండో ఛార్లెస్‌కి, ఏ కారణం చెప్పినా సరే ఆయుధాలతో యుద్ధం చేయమని రాసిచ్చినవాళ్ళు వాళ్ళు. అప్పటి నుంచీ జైళ్ళకి వెళ్ళి, జరిమానాలు కట్టి, చట్టాలు మార్పించి, ఈ పనిలో బాగా అలవాటు పడ్డారు. వాళ్ళ సాయం తీసుకోవడానికి మతం మారక్కర్లేదు.

కావాల్సినవి

ఒక ఫైలు, మీ సెలెక్టివ్ సర్వీస్ నంబరు ఉన్న కాగితం, మీరే ఇంగ్లీషులో రాసుకున్న మూడు జవాబులు (ఇవే అసలు), మిమ్మల్ని బాగా ఎరిగిన నలుగురైదుగురి ఉత్తరాలు, మీ నమ్మకం మాటల్లోనే కాక పనుల్లోనూ ఉందని చూపించే తేదీలున్న ఆధారాలు. వీటన్నిటికంటే ముందు, మీరు నోరు విప్పి చెప్పేది ఓపిగ్గా వినే మనుషులు కావాలి.

1. ఈ చట్టం మీకు వర్తిస్తుందో లేదో చూసుకోండి

పద్దెనిమిది నుంచి ఇరవయ్యైదేళ్ళ మధ్య ఉన్న మగవాళ్ళు, పౌరులైనా గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళైనా నమోదై ఉండాలి. పద్దెనిమిది నిండాక ముప్పై రోజుల గడువు ఉంటుంది. ఎఫ్-1 మీద చదువుకుంటున్నవాళ్ళకీ, హెచ్-4 మీద ఉన్న పిల్లలకీ, ఆ వీసా చెల్లుబాటులో ఉన్నంతకాలం అక్కర్లేదు.

మనవాళ్ళు దెబ్బతినేది ఇక్కడే. ఏళ్ళ తరబడి హెచ్-4 మీద ఉండి, "మనకి వర్తించదులే" అని అలవాటు పడిపోయి, ఇరవై మూడో ఏట గ్రీన్‌కార్డు వచ్చాక కూడా ఆ సంగతే గుర్తుండదు. ఇరవయ్యారు నిండితే నమోదు చేసుకోవడానికి వీలుండదు. ఆ తర్వాత పౌరసత్వం దగ్గరా, ఫెడరల్ ఉద్యోగాల దగ్గరా కావాలని మానేయలేదని రుజువు చూపించుకోవాలి. గ్రీన్‌కార్డు దరఖాస్తుతో పాటు అదే అయిపోయి ఉంటుందిలే అని ఊరుకోకండి. సెలెక్టివ్ సర్వీస్ వెబ్‌సైట్‌లో ఇంటిపేరు, సోషల్ సెక్యూరిటీ నంబరు, పుట్టిన తేదీ కొడితే నమోదైందో లేదో కనిపిస్తుంది. నమోదు పద్ధతి మీద చట్టాలు మారుతుంటాయి కాబట్టి, అన్నయ్యకి ఎలా జరిగిందో వినడం కంటే ఆ రోజు సైట్‌లో ఏముందో చూడటం మేలు.

2. నమోదు చేసుకోవాలా వద్దా తేల్చుకోండి

నమోదైనంత మాత్రాన యుద్ధానికి ఒప్పుకున్నట్టు కాదు. క్వేకర్లలో కూడా చాలామంది నమోదు చేసుకుని, సీఓ (కాన్షియన్షస్ అబ్జెక్టర్‌ని, అంటే మనస్సాక్షి ఒప్పుకోక యుద్ధం చేయననేవాళ్ళని, అందరూ ఇలాగే అంటారు) ఫైలు పెట్టుకుంటారు. నమోదే వద్దని మానేసేవాళ్ళూ ఉన్నారు. అది నేరం. చట్టంలో ఐదేళ్ళ జైలు, రెండున్నర లక్షల డాలర్ల జరిమానా దాకా ఉంది. ఇంకా పౌరసత్వం రాని కుటుంబం ఆ దారిలో వెళ్తే నష్టం ఇంటిల్లిపాదికీ తగలొచ్చు. కాబట్టి ఒక్కడే గదిలో కూర్చుని తేల్చేసుకునే విషయం కాదిది.

ఆన్‌లైన్ ఫారంలో "నేను సీఓని" అని చెప్పుకోవడానికి గడి ఉండదు. కొందరు చేసే పని ఏమిటంటే, కాగితం ఫారం తీసుకుని, ఖాళీ చోట యుద్ధం చేయడానికి మనస్సాక్షి ఒప్పుకోదని ఇంగ్లీషులో ఒక వాక్యం రాసి, దాని ఫోటోకాపీ తీసి దాచుకుని, అప్పుడు పోస్టు చేస్తారు. ఆఫీసు ఆ వాక్యాన్ని పట్టించుకోదు, నిజమే. కానీ పద్దెనిమిదేళ్ళప్పుడే ఈ మాట అన్నారనడానికి మీ దగ్గర తేదీతో ఒక ఆధారం మిగులుతుంది.

3. మీరు వద్దంటున్నది అన్ని యుద్ధాలనా, కొన్నిటినేనా?

ఇక్కడ తొందరపడకండి, మూడో రకం పిల్లలు మరీ ముఖ్యంగా.

సీఓ అవడానికి దేవుణ్ణి నమ్మాలన్న రూలు లేదు. 1965లో సీగర్ కేసులో, 1970లో వెల్ష్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు దీన్ని తేల్చింది. మతం లేకపోయినా, మతమంత లోతుగా నాటుకున్న నైతిక నమ్మకం ఉంటే చాలు. కానీ 1971లో గిలెట్ కేసులో ఇంకో మాట కూడా చెప్పింది. ఫలానా యుద్ధం అన్యాయం, అది మాత్రం చేయను అంటే కుదరదు, యుద్ధమన్నది ఏదైనా సరే చేయనని ఉండాలి. రాజకీయ అభిప్రాయం మీద మాత్రమే నిలబడ్డ అభ్యంతరం కూడా పనికిరాదు.

అంటే మీవాడు వ్యాసంలో "అమెరికా వలస దాహంతో చేసే యుద్ధాల్లో నేను పాల్గొనను" అని ఎంత బాగా రాసినా, బోర్డు దాన్ని పక్కన పెట్టేస్తుంది. ఆ వాక్యం వెనకే ఇంకో ప్రశ్న వస్తుంది మరి: వలస పాలకుల మీద జనం చేసే యుద్ధమైతే చేస్తావా?

ఇక్కడే మన పిల్లలు తడబడతారు. గదిలో అల్లూరి సీతారామరాజు పోస్టరు ఉంటుంది. 1922లో మన్యంలో పోలీస్ స్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకెళ్ళిన మనిషి ఆయన. తాతగారు తెలంగాణ సాయుధ పోరాటం కబుర్లు చెప్పి ఉంటారు. వాటిని వింటూ రోమాలు నిక్కబొడుచుకునే కుర్రాడు "నేను ఏ యుద్ధమూ చేయను" అంటే అది నిజమేనా? నిజం కావచ్చు కూడా. అల్లూరి ధైర్యాన్ని గౌరవిస్తాను, ఆ జనానికి జరిగింది ఘోరమని తెలుసు, అయినా నా చేత్తో మనిషిని చంపలేను అనేవాళ్ళు ఉంటారు. "ఆ రోజుల్లో నేనుంటే రాజుగారి వెనక నడిచేవాణ్ణి" అనేవాళ్ళూ ఉంటారు. రెండోది తప్పని నేననను. కానీ అలాంటి కుర్రాడు ఈ చట్టం ప్రకారం సీఓ కాడు, అంతే. అబద్ధం ఆడి ఫైలు కట్టొద్దు, అడిగేవాళ్ళు ఆ తీగ లాగకుండా వదలరు. వాషింగ్టన్‌లో సెంటర్ ఆన్ కాన్షియన్స్ అండ్ వార్ అనే సంస్థ ఉంది, వాళ్ళకి ఉన్నదున్నట్టు చెప్పండి. ఎవరికి ఏ దారులు ఉన్నాయో వాళ్ళు విడమర్చి చెప్తారు.

ఒక పని చేయండి. రెండు విడి కాగితాలు తీసుకుని, ఒకదాని మీద "ఈ దేశం చేసిన, చేస్తున్న అన్యాయాలు" అని, రెండో దాని మీద "మనిషిని చంపడం గురించి నాకేమనిపిస్తుంది" అని పెట్టి రాయండి. ఫారంలోకి వెళ్ళాల్సింది రెండోది. మొదటిది పారేయకండి, ఆరో మెట్టు దగ్గర దాంతో పనుంది.

4. మూడు జవాబులు రాయండి

అసలు దరఖాస్తు వచ్చే రోజున అడిగేవి ఇవే. మీ నమ్మకం ఏమిటి? అది మీకు ఎలా కలిగింది? మీ బతుకులో అది ఎలా కనిపిస్తోంది?

మొదటిదానికి పెద్ద పెద్ద మాటలు వద్దు. "అహింసా పరమో ధర్మః" అని మొదలుపెట్టిన ప్రతి జవాబూ ఒకేలా ఉంటుంది, అందులో మీరు కనపడరు.

రెండోదానిలో నిజంగా జరిగినవి రాయండి. అమ్మమ్మ ఇంట్లో కోడిని కోయడం చూసి మూడు రోజులు అన్నం తినలేకపోవడం, స్కూల్లో కాల్పుల డ్రిల్ కోసం బల్ల కింద దాక్కోవడం, ఏదైనా కావచ్చు. తేదీ సరిగ్గా గుర్తులేకపోతే ఏ తరగతిలో ఉండగానో చెప్పండి. పాలమూరు వైపు మెనొనైట్ బ్రెదరన్ చర్చి కుటుంబాల నుంచి వచ్చినవాళ్ళైతే మీకు చేతిలోనే పెద్ద ఆధారం ఉంది. క్వేకర్లు, చర్చ్ ఆఫ్ ద బ్రెదరన్ వాళ్ళతో పాటు మెనొనైట్లనూ చారిత్రక శాంతి సంఘాల్లో లెక్కేస్తారు. ఇంట్లో ఎప్పుడూ ఈ ఊసు రాకపోయి ఉండొచ్చు, అయినా నాయనమ్మని అడగండి, బాప్తిస్మం కాగితం తెప్పించుకోండి, పాస్టర్‌గారి చేత ఉత్తరం రాయించుకోండి.

హిందూ కుటుంబాల పిల్లలకి మాత్రం ఒక ప్రశ్న ఖాయం అనుకోండి: "మీ గీతలో దేవుడే యుద్ధం చేయమన్నాడు కదా?" గాంధీ ఆ యుద్ధాన్ని మనిషి లోపల జరిగే యుద్ధంగా చదివాడు, ఆ జవాబు ఉంది. కానీ మీరు గీత తెరిచి కూడా చూడకుండా గాంధీ పేరు చెప్తే రెండో ప్రశ్నకే దొరికిపోతారు. చదవలేదు, నాకీ నమ్మకం గీత నుంచి రాలేదు, ఫలానా చోట నుంచి వచ్చింది అని చెప్పినా నష్టమేమీ లేదు.

శాకాహారం ఒక్కటే రుజువు కాదు. ఇంట్లో వండరు కాబట్టి తినని వాడికీ, ఆలోచించి మానేసినవాడికీ తేడా వాళ్ళకి తెలుసు.

"మీ అమ్మ మీద ఎవరైనా దాడి చేస్తే చూస్తూ ఊరుకుంటావా?" అని కూడా అడగొచ్చు. చట్టం అడిగేది యుద్ధం గురించే, ఆత్మరక్షణ గురించి కాదు. అమ్మని కాపాడుకుంటాను అన్నంత మాత్రాన మీ దరఖాస్తు పోదు.

5. క్వేకర్ మీటింగ్‌కి వెళ్ళండి, లేదా మీకున్న సంఘాన్నే కదపండి

క్వేకర్లు తమ ప్రార్థననీ, తమ సంఘాన్నీ కూడా మీటింగ్ అనే అంటారు. చాలా మీటింగుల్లో ఆదివారం పూట గంటసేపు అందరూ మౌనంగా కూర్చుంటారు. పూజారి ఉండరు, పాటలుండవు, ఎవరికైనా చెప్పాలనిపిస్తే లేచి రెండు మాటలు చెప్పి కూర్చుంటారు. (కొన్నిచోట్ల పాస్టర్ ఉండే క్వేకర్ చర్చిలు కూడా ఉన్నాయి, ముందే కనుక్కోండి.) మొదటిరోజే ఫైలు తీసుకెళ్ళి "నాకో ఉత్తరం కావాలి" అనకండి. కొన్నాళ్ళు వెళ్ళండి, తర్వాత కప్పులు కడగడం లాంటి పనుల్లో చేయి కలపండి, అప్పుడు క్లర్క్‌ని (మీటింగ్ వ్యవహారాలు నడిపే మనిషి) కలిసి క్లియర్‌నెస్ కమిటీ కావాలని అడగండి. నలుగురైదుగురు మీతో కూర్చుంటారు. సలహాలు ఇవ్వరు, ప్రశ్నలు మాత్రం అడుగుతారు. తెలుగు ఇంట్లో పెరిగిన పిల్లలకి సలహా ఇవ్వని పెద్దవాళ్ళు నలుగురు ఒకేచోట దొరకడమే వింత, ఊరికే అదొక్కటి చూడటానికైనా వెళ్ళొచ్చు.

తర్వాత మీటింగ్ వాళ్ళు తమ వ్యవహారాల పుస్తకంలో, ఫలానా వ్యక్తి ఈ నమ్మకాన్ని మాతో పంచుకున్నారు అని రాసుకోవచ్చు. ఆ నకలు ఒకటి అడిగి తెచ్చుకోండి.

దగ్గర్లో మీటింగ్ లేకపోతే గుడి, మసీదు, చర్చి, బౌద్ధ ధ్యాన కేంద్రం, ఏదైనా ఫరవాలేదు. ఉత్తరాలు రాసేవాళ్ళలో మీ అభిప్రాయంతో ఏకీభవించనివాళ్ళు ఒకరుంటే ఇంకా మంచిది. "నేను ఆర్మీలో పనిచేశాను, వీడితో నేను ఒప్పుకోను, కానీ వీడు నిజమే చెప్తున్నాడు" అని ఒక టీచరు రాసే ఉత్తరం, బాబాయిలు పిన్నులు రాసే పది ఉత్తరాల కంటే బరువైనది.

6. న్యాయం సంగతి: మొదటి కాగితం బయటికి తీయండి

మూడో ప్రశ్న గుర్తుందా, మీ బతుకులో ఎలా కనిపిస్తోంది అని? చంపనన్నవాడు, చంపి తీసుకున్న నేల మీద ఎలా బతుకుతున్నాడన్నది అందులో భాగమే. క్వేకర్లు ఇది తమ చరిత్ర నుంచే నేర్చుకోవాల్సి వచ్చింది, అదీ ఆలస్యంగా. పెన్సిల్వేనియా పెట్టిన క్వేకర్ విలియం పెన్ అక్కడి ఆదివాసులైన లెనాపే జాతితో మర్యాదగా ఒప్పందాలు చేసుకున్నాడని గొప్పగా చెప్పుకునేవాళ్ళు. అదే పెన్ కొడుకుల కాలంలో, 1737లో, ఒక పాత కాగితం చూపించి, ఒకటిన్నర రోజు నడిస్తే వచ్చేంత భూమి అని చెప్పి, పరుగెత్తేవాళ్ళని పెట్టి లెనాపేల నేల లాగేసుకున్నారు. 1869లో ప్రెసిడెంట్ గ్రాంట్ ఆదివాసుల వ్యవహారాలు చూసే ప్రభుత్వ ఆఫీసులు కొన్నిటిని క్వేకర్లకి అప్పజెప్పాడు. మంచి చేస్తున్నామనుకుంటూనే వాళ్ళు నడిపిన బోర్డింగ్ స్కూళ్ళలో పిల్లల భాష, జుట్టు, పేర్లు పోయాయి. ఆయుధం పట్టకుండానే ఇదంతా జరిగింది. 2024 జనవరిలో అలాస్కాలో కేక్ అనే ట్లింగిట్ ఆదివాసుల ఊరికి వెళ్ళి క్వేకర్లు క్షమాపణ చెప్పారు. వట్టి మాటలతో సరిపెట్టకుండా అక్కడి హీలింగ్ సెంటర్ కోసం సుమారు 93 వేల డాలర్లు ఇచ్చారు.

మనం వలస పాలనలో నలిగిన జనం కాబట్టి ఇది మన లెక్కలోకి రాదనుకోకండి. మన ఊళ్ళ వైపు ఏజెన్సీ ప్రాంతాల్లో, గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1/70 చట్టం ఉన్నా గిరిజనుల భూములు బినామీ పేర్ల మీద ఎలా చేతులు మారాయో విన్నవాళ్ళకి నేను వేరే చెప్పక్కర్లేదు.

ఏం చేయాలంటే:

మీ ఇల్లున్న నేల ఎవరిదో తెలుసుకోండి. నేటివ్ లాండ్ అనే మ్యాప్‌తో మొదలుపెట్టి, అక్కడితో ఆగకుండా ఆ జాతి సొంత వెబ్‌సైట్ చదవండి. సియాటిల్, బెల్వ్యూ వైపున్నవాళ్ళకి రియల్ రెంట్ డువామిష్ ఉంది. నెలనెలా స్వచ్ఛందంగా అద్దెలా కట్టొచ్చు. డువామిష్ జాతి వాళ్ళు 1855 ఒప్పందంలో భూమి ఇచ్చినా, ఫెడరల్ ప్రభుత్వం ఇప్పటికీ వాళ్ళని జాతిగా గుర్తించలేదు. బే ఏరియాలో ఓక్లాండ్ చుట్టుపక్కల ఉన్నవాళ్ళకి సొగొరియా తె లాండ్ ట్రస్ట్ (అక్కడి ఆదివాసుల సంస్థ) వాళ్ళ షూమీ పన్ను ఉంది. పేరుకే పన్ను, బలవంతం ఏమీ లేదు.

సంఘం మీటింగ్ మొదట్లో "ఈ నేల ఫలానా వారిది" అని చదివేసి సమోసాల దగ్గరికి వెళ్ళిపోవద్దు. అది చదివినవాళ్ళు ఆ తర్వాత ఏం చేస్తారో ముందే తేల్చుకోండి. చేసే పని ఏదైనా వాళ్ళని అడిగి చేయండి. నదిని శుభ్రం చేసే రోజుకి మనుషులు కావాలంటే వెళ్ళండి, కౌన్సిల్ విచారణలో కుర్చీలు నిండాలంటే వెళ్ళి కూర్చోండి. మైకు మీ చేతికి రావాలని చూడకండి, ఫోటోలు అడగకుండా తీయకండి.

ఇదంతా ఫైలు కోసం చేస్తే ఫైలులోనే తెలిసిపోతుంది. చేసినవాటి తేదీలు మాత్రం రాసి పెట్టుకోండి.

7. తేదీ వేసి దాచండి

జవాబుల కింద సంతకం, తేదీ. ఒక కాపీ మీ దగ్గర, ఒకటి మీటింగ్ లేదా చర్చి దగ్గర, ఒకటి కవర్లో పెట్టి మీకే రిజిస్టర్డ్ పోస్టులో పంపుకుని విప్పకుండా ఉంచండి. ఏడాదికోసారి తిరిగి చదివి, మారింది ఏదైనా ఉంటే కొత్త పేజీ చేర్చండి. పాతది కొట్టేయకండి. పద్దెనిమిదిలో రాసిందీ ఇరవై రెండులో రాసిందీ వేరుగా ఉండటమే సహజం.

8. పౌరసత్వం ప్రమాణం దగ్గర

పౌరసత్వం ఫారంలో మూడు ప్రశ్నలు ఉంటాయి. ఆయుధం పడతారా, సైన్యంలో ఆయుధం లేని పని చేస్తారా, అవసరమైతే పౌర అధికారుల కింద దేశానికి ముఖ్యమైన పని చేస్తారా అని. మొదటి రెండింటికీ మనస్సాక్షి కారణంగా మినహాయింపు అడగొచ్చు, ప్రమాణంలో ఆ వాక్యాలు తీసేయిస్తారు. మూడోదానికి మినహాయింపు లేదు. నిజంగా అభ్యంతరం ఉంటే ఫారంలో "లేదు" అని టిక్ పెట్టి, విడి కాగితం మీద కారణం రాసి, పైన చెప్పిన ఫైలు నుంచి ఒకటి రెండు ఉత్తరాలు జత చేయండి. ఇంటర్వ్యూలో ఆఫీసరు అడుగుతారు, వాదించకుండా చెప్పండి. ఇక్కడ కూడా అన్ని యుద్ధాలూ అన్న నియమం మారదు. "వయసైపోయింది, నన్నెవరు పిలుస్తారు" అని అవునని టిక్ పెట్టేవాళ్ళే ఎక్కువ, అది వాళ్ళిష్టం, కానీ అభ్యంతరం ఉండీ అవునంటే అది ప్రమాణం చేసి చెప్పిన అబద్ధం అవుతుంది.

ఎక్కువగా జరిగే తప్పులు

ఇంటర్నెట్‌లో దొరికిన నమూనా జవాబు దింపేయడం. నాన్న కూర్చుని రాసిపెట్టడం (చదవగానే తెలిసిపోతుంది, పద్దెనిమిదేళ్ళవాడు "హియర్‌బై" లాంటి మాటలు వాడడు). ఇన్‌స్టాలో షూటింగ్ రేంజ్ ఫోటోలు ఉంచుకుని ఫైలులో అహింస గురించి రాయడం. అవి తీసేసి దాచమని కాదు, ఎప్పుడు వెళ్ళారో, తర్వాత ఏమనిపించిందో జవాబులోనే చెప్పేయడం మంచిది. ఆయుధం లేని సైనిక సేవకీ, సైన్యం బయట చేసే ప్రత్యామ్నాయ సేవకీ తేడా తెలుసుకోకుండా ఏదో ఒకటి అడగడం ఇంకొకటి. మొదటిది అంటే యూనిఫాం వేసుకుని మెడికల్ లాంటి పనులు, రెండోది అంటే రెండేళ్ళు ఆసుపత్రి, అడవుల సంరక్షణ లాంటి పౌర సేవ. ఇప్పటికే సైన్యంలో ఉన్నవాళ్ళకి దారి పూర్తిగా వేరు, వాళ్ళు జీఐ రైట్స్ హాట్‌లైన్‌కి ఫోన్ చేయాలి.

సరిగ్గా కుదిరిందో లేదో ఎలా తెలుస్తుంది?

మిమ్మల్ని ప్రేమించని ముగ్గురిని పోగేసి ఉత్తుత్తి విచారణ పెట్టండి. ఇంట్లోవాళ్ళు వద్దు. ఫైలు వాళ్ళకి ముందురోజే ఇచ్చి, అరగంట ప్రశ్నలు అడగమనండి. హిట్లర్ గురించి, కురుక్షేత్రం గురించి, అల్లూరి గురించి, అమ్మ గురించి తప్పకుండా అడగమనండి. మీరు చెప్పిన జవాబుకీ రాసిన జవాబుకీ పొంతన లేకపోతే, రాసింది మార్చండి, నోటితో వచ్చిందే ఎక్కువసార్లు నిజం. చివర్లో వాళ్ళని ఒకటే అడగండి: "ఇది చదివాక ఈ కాగితం మీద పేరు తీసేస్తే నాదేనని గుర్తుపడతారా?" కాదంటే ఇంకా మీ మాటలు కాలేదన్నమాట, నాలుగో మెట్టుకి వెనక్కి వెళ్ళండి.

ఇంకొకటి, చాలామంది మర్చిపోయేది. కాలేజీకని ఇల్లు మారితే, ఇరవయ్యారు నిండే ఏడాది జనవరి 1 వరకూ కొత్త చిరునామాని పది రోజుల్లో సెలెక్టివ్ సర్వీస్‌కి తెలపాలి. సైట్‌లో రెండు నిమిషాల పని. డార్మ్ మారిన ప్రతిసారీ చేసి, ఆ ధృవీకరణ పేజీ ప్రింటు తీసి అదే ఫైలులో వేయండి.